బేస్‌బాల్ పట్టిక చదవడం ఎలా: ఎవరు ముందున్నారో, ఎవరికి దారి మూసుకుపోయిందో మీరే లెక్కకట్టే పద్ధతి

ఏటా సెప్టెంబరు వచ్చేసరికి నాకు ఒకే సందేహం రకరకాల మాటల్లో వస్తూ ఉంటుంది. "ఈ పట్టికలో పాయింట్లు ఎక్కడున్నాయండీ?" అని ఒకరు అడుగుతారు. "మూడున్నర మ్యాచ్‌లు వెనకబడ్డారంటున్నారు, ఆ అర మ్యాచ్ ఎలా ఆడతారు?" అని ఇంకొకరు అడుగుతారు. "మా జట్టూ పక్క జట్టూ సమానంగా గెలిస్తే డివిజన్ వాళ్లకెందుకు ఇచ్చారు?" అని డల్లాస్‌లో ఉంటున్న మిత్రులు నిష్ఠూరంగా అడుగుతారు. మనలో చాలామందికి ఐపీఎల్ పట్టిక అలవాటు కాబట్టి గెలుపుకు రెండు పాయింట్లు, సమానమైతే నెట్ రన్‌రేట్ అనే లెక్క మనసులో స్థిరపడిపోయింది. అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆ రెండూ లేవు. అందుకే ఆ పట్టికను మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఎలా చదవాలో వరుసగా రాస్తున్నాను. ఆట నియమాలు తెలియకపోయినా ఇబ్బంది లేదు, ఏ మ్యాచ్‌లో ఎవరు గెలిచారో తెలిస్తే చాలు.

కావలసినవి

ఆ రోజు పట్టిక కావాలి. లీగ్ అధికారిక యాప్‌లోనైనా, ఏదైనా క్రీడల వెబ్‌సైట్‌లోనైనా దొరుకుతుంది. మిగిలిన మ్యాచ్‌ల షెడ్యూలు, ఒక కాగితం, పెన్సిలు, భాగహారానికి ఫోన్‌లోని కాలిక్యులేటరు దగ్గర పెట్టుకోండి. అభ్యాసానికి ముగిసిన సీజన్ పట్టిక మంచిది, ఎందుకంటే అందులోని అంకెలు ఇక మారవు. కింద ఎక్కువగా 2024 సీజన్ అంకెలనే వాడాను.

భారతదేశం నుంచి చూసేవారికి ఒక హెచ్చరిక. సీజన్‌లో చాలా భాగం న్యూయార్క్‌లో సాయంత్రం 7 గంటలంటే మనకు మర్నాడు తెల్లవారుజామున 4:30, లాస్ ఏంజెలెస్‌లో 7 గంటలంటే మనకు ఉదయం 7:30. కాబట్టి ఉదయం 8 గంటలకు చూసిన పట్టికలో కొన్ని జట్ల ఫలితాలు చేరి ఉంటాయి, మరికొన్ని జట్లు ఇంకా మైదానంలోనే ఉంటాయి. లెక్క వేయదలచుకుంటే మధ్యాహ్నం 12 దాటాక పట్టిక తెరవండి.

1. మీ జట్టు ఏ గుంపులో ఉందో ముందు చూడండి

మొత్తం 30 జట్లు. అమెరికన్ లీగ్‌లో 15, నేషనల్ లీగ్‌లో 15. ఒక్కో లీగ్‌లో తూర్పు, మధ్య, పశ్చిమ అనే మూడు డివిజన్లు, డివిజన్‌కు ఐదు జట్లు. ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. 2025లో అవి ఇలా పంచబడ్డాయి: సొంత డివిజన్‌లోని నాలుగు జట్లతో 13 చొప్పున 52, అదే లీగ్‌లోని తక్కిన జట్లతో 62, అవతలి లీగ్‌తో 48. ఎవరిమీద గెలిచినా గెలుపు విలువ ఒక్కటే.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. న్యూయార్క్‌లో యాంకీస్, మెట్స్ అని రెండు జట్లున్నాయి గనుక రెండూ ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నాయని అనుకుంటారు. యాంకీస్ అమెరికన్ లీగ్ జట్టు, మెట్స్ నేషనల్ లీగ్ జట్టు. ఒకరి స్థానం మరొకరి స్థానాన్ని నేరుగా తాకదు. టెక్సాస్‌లో పరిస్థితి వేరు: హ్యూస్టన్ ఆస్ట్రోస్, టెక్సాస్ రేంజర్స్ రెండూ అమెరికన్ లీగ్ పశ్చిమ డివిజన్‌లోనే ఉన్నాయి. అందుకే అక్కడ మనవాళ్ల ఇళ్లలో కూడా ఈ లెక్కలు అంత వేడిగా సాగుతాయి.

2. గెలుపు, ఓటమి, శాతం

డబ్ల్యూ అంటే గెలుపులు, ఎల్ అంటే ఓటములు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు స్కోరు సమానమైతే ఫలితం తేలేదాకా అదనపు ఇన్నింగ్స్ ఆడతారు. అందువల్ల డ్రా కోసం వేరే కాలమ్ వెతకనక్కర్లేదు.

పీసీటీ అనే కాలమ్‌లో గెలుపులను ఆడిన మ్యాచ్‌లతో భాగించగా వచ్చిన అంకె ఉంటుంది. 2024లో క్లీవ్‌లాండ్ గార్డియన్స్ 161 ఆడి 92 గెలిచింది. 92ను 161తో భాగిస్తే .571 వస్తుంది. దీన్ని నూటికి లెక్కగా కాక వెయ్యికి లెక్కగా, "ఐదు వందల డెబ్భై ఒకటి" అన్నట్టుగా చదువుతారు. పట్టికలో జట్లను పైనుంచి కిందికి పేర్చేది ఈ అంకె ప్రకారమే.

మంచి జట్టు ఎన్ని ఓడుతుందో మొదట్లోనే తెలుసుకుంటే చాలా కంగారు తప్పుతుంది. 2024లో మొత్తం లీగ్‌లోనే ఎక్కువ గెలిచిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ లెక్క 98 గెలుపులు, 64 ఓటములు. అంటే ఆ సంవత్సరం ఛాంపియన్ అయిన జట్టు కూడా 64 సార్లు తల వంచుకుని మైదానం వదిలింది. అదే ఏడాది చికాగో వైట్ సాక్స్ 41 గెలిచి 121 ఓడింది. ఆధునిక బేస్‌బాల్‌లో ఒక సీజన్‌లో ఇన్ని ఓటములు మరే జట్టుకూ లేవు. ఐపీఎల్‌లో వరుసగా నాలుగు ఓడితే జట్టు పెద్ద చిక్కులో పడినట్టే. ఇక్కడ వరుసగా నాలుగు ఓడటమంటే ఒక వారం బాగా లేదని మాత్రమే.

3. ఎన్ని మ్యాచ్‌లు వెనక? జీబీ కాలమ్

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. లెక్క మాత్రం చాలా తేలిక.

ముందున్న జట్టు గెలుపుల్లోంచి మీ జట్టు గెలుపులు తీసేయండి. మీ జట్టు ఓటముల్లోంచి ముందున్న జట్టు ఓటములు తీసేయండి. ఆ రెండు అంకెలూ కలిపి, రెండుతో భాగించండి.

ఉదాహరణకు, 2024 నేషనల్ లీగ్ పశ్చిమ డివిజన్‌లో డాడ్జర్స్ 98-64, శాన్ డియాగో పాడ్రేస్ 93-69. గెలుపుల తేడా 5, ఓటముల తేడా 5, మొత్తం 10, అందులో సగం 5. పాడ్రేస్ ఐదు మ్యాచ్‌లు వెనక.

రెండుతో ఎందుకు భాగించాలంటే, ఆ రెండు జట్లు ఎదురెదురుగా ఆడి వెనకున్న జట్టు గెలిస్తే దానికి ఒక గెలుపు, ముందున్న జట్టుకు ఒక ఓటమి చేరి, ఒకే మ్యాచ్‌తో రెండు అంకెలు కదులుతాయి.

ఇక అర మ్యాచ్ సంగతి. రెండు జట్లు ఆడిన మ్యాచ్‌ల సంఖ్యలో ఒకటి తేడా ఉన్నప్పుడు అర వస్తుంది. సీజన్ మధ్యలో ఇది రోజూ కనిపిస్తుంది, ఎందుకంటే ఒక జట్టుకు ఆ రోజు విశ్రాంతి ఉండవచ్చు లేదా వాన పడి ఉండవచ్చు. 2024లో మాత్రం ఆ అర చివరి పట్టికలో కూడా మిగిలిపోయింది. సెప్టెంబరు 29న, సీజన్ ఆఖరి రోజున, క్లీవ్‌లాండ్‌లో గార్డియన్స్‌కూ ఆస్ట్రోస్‌కూ జరగవలసిన మ్యాచ్ వాన వల్ల రద్దయింది. ఇద్దరి స్థానాలూ అప్పటికే ఖాయం కాబట్టి దాన్ని మళ్లీ ఆడించలేదు. ఆస్ట్రోస్ 88-73 దగ్గర ఆగిపోయింది. అదే డివిజన్‌లోని సియాటిల్ మ్యారినర్స్ 162 ఆడి 85-77తో ముగించింది. గెలుపుల తేడా 3, ఓటముల తేడా 4, మొత్తం 7, సగం మూడున్నర.

4. ఓటముల కాలమ్‌ను విడిగా చూడండి

ఈ వ్యాసంలో ఒక్క అడుగు మాత్రమే గుర్తుంచుకుంటానంటే, ఇదే గుర్తుంచుకోండి. బేస్‌బాల్‌ను ఏళ్ల తరబడి చూసినవారు పట్టిక తెరవగానే గెలుపుల కంటే ముందు ఓటములు చూస్తారు. ఆడవలసిన మ్యాచ్‌ను ఇంకా గెలవవచ్చు, ఓడిపోయిన మ్యాచ్‌ను మాత్రం ఏం చేసినా వెనక్కి తెచ్చుకోలేం.

ఒక జట్టు 80-60తో ఉందనుకోండి. పక్క జట్టు వానల వల్ల నాలుగు మ్యాచ్‌లు తక్కువ ఆడి 78-58తో ఉందనుకోండి. జీబీ లెక్క వేస్తే గెలుపుల తేడా 2, ఓటముల తేడా మైనస్ 2, కలిపితే సున్నా. వెనకబాటు లేదు. శాతం చూస్తే మొదటిదానికి .571, రెండోదానికి .574. అంటే తక్కువ గెలిచిన జట్టే పట్టికలో పైన ఉంటుంది. "రెండు మ్యాచ్‌లు ఎక్కువ గెలిచినా మా జట్టును కింద పెట్టారు, పట్టిక తప్పు" అని నాకు వచ్చే ఫిర్యాదులన్నీ ఇలాంటివే. పట్టిక సరైనదే. ఆ పక్క జట్టు మిగిలినవన్నీ గెలిస్తే 104 దాకా వెళ్లగలదు, 80 గెలిచిన జట్టు ఎంత చేసినా 102 దాటలేదు.

కాబట్టి జీబీ చూశాక పెన్సిలుతో పక్కనే ఓటముల తేడా కూడా రాసుకోండి. రెండూ ఒకే మాట చెబితే పరిస్థితి స్పష్టం. వేర్వేరు మాటలు చెబితే ఎవరికి ఎన్ని మ్యాచ్‌లు బాకీ ఉన్నాయో షెడ్యూలు తెరిచి చూడాలి.

5. వైల్డ్ కార్డ్ పట్టిక వేరుగా వేసుకోండి

2022 నుంచి ఒక్కో లీగ్ నుంచి ఆరు జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్తున్నాయి: ముగ్గురు డివిజన్ విజేతలు, మిగిలినవారిలో మంచి రికార్డు ఉన్న మరో మూడు జట్లు. ఈ రెండో ముగ్గురివే వైల్డ్ కార్డులు.

కాగితం మీద ఇలా చేయండి. లీగ్‌లోని మూడు డివిజన్ల అగ్రస్థాన జట్లను కొట్టేయండి. మిగిలిన 12 జట్లను శాతం ప్రకారం ఒకే వరుసలో రాయండి. మూడో జట్టు కింద గీత గీయండి. వెనకబాటును ఆ మూడో జట్టుతోనే పోల్చాలి, మొదటి జట్టుతో కాదు. గీతకు పైనున్న జట్లకు పట్టికలో ప్లస్ గుర్తు కనిపిస్తుంది. ప్లస్ 5 అంటే ఐదు మ్యాచ్‌లు వెనక అని కొందరు చదువుతున్నారు. గీతకు ఐదు మ్యాచ్‌లు ముందున్నారని దానర్థం.

2024 అమెరికన్ లీగ్‌లో ఇలా రాస్తే బాల్టిమోర్ ఓరియోల్స్ 91-71, కాన్సాస్ సిటీ రాయల్స్ 86-76, డెట్రాయిట్ టైగర్స్ 86-76, ఆ కింద గీత, తర్వాత మ్యారినర్స్ 85-77. డివిజన్ పట్టికలో మూడున్నర వెనకున్న సియాటిల్ ఈ పట్టికలో ఒక్క మ్యాచే వెనక. డివిజన్ పట్టిక ఒక్కటే చూసినవారికి ఆ జట్టు ఎంత దగ్గరికొచ్చి ఆగిపోయిందో తెలియదు.

వరుస సంఖ్యల విషయంలో జాగ్రత్త. మొదటి మూడు స్థానాలు డివిజన్ విజేతలవే, వైల్డ్ కార్డ్ జట్టు రికార్డు ఎంత బాగున్నా నాలుగో స్థానం దాటి పైకి రాదు. అందుకే 88 గెలిచిన ఆస్ట్రోస్‌కు మూడో స్థానం, 91 గెలిచిన ఓరియోల్స్‌కు నాలుగో స్థానం దక్కాయి. మొదటి రెండు స్థానాలవారు తొలి రౌండ్ ఆడనవసరం లేదు. మూడు నుంచి ఆరు వరకున్న జట్లు మూడు మ్యాచ్‌ల సిరీస్ ఆడతాయి, అన్నీ పైస్థానం జట్టు మైదానంలోనే.

6. మ్యాజిక్ నంబరు

ఆగస్టు చివరి నుంచి ఈ మాట వినబడుతుంది. ముందున్న జట్టు తన స్థానం ఖాయం చేసుకోవడానికి, తన గెలుపులూ ప్రత్యర్థి ఓటములూ కలిపి ఇంకెన్ని కావాలో చెప్పే అంకె ఇది.

163 రాయండి. అందులోంచి ముందున్న జట్టు గెలుపులు, వెనకున్న జట్టు ఓటములు తీసేయండి. మిగిలిందే మ్యాజిక్ నంబరు.

2024 సెప్టెంబరు 26 ఉదయానికి డాడ్జర్స్ 94-64, పాడ్రేస్ 91-67. 163లోంచి 94, 67 తీసేస్తే 2. ఆ రాత్రి ఆ రెండు జట్లూ లాస్ ఏంజెలెస్‌లో ఎదురెదురుగా ఆడాయి. డాడ్జర్స్ 7-2తో గెలిచింది. దాని గెలుపు ఒకటి, పాడ్రేస్ ఓటమి ఒకటి, ఒకే రాత్రిలో 2 కాస్తా సున్నా అయింది, డివిజన్ ఖాయమైంది. ఇంకా మూడు మ్యాచ్‌లు మిగిలే ఉన్నాయి, తేడా నాలుగు.

మ్యాజిక్ నంబరు 6 అంటే మన జట్టు ఆరు గెలిచి తీరాలని అనుకోవద్దు. మనవాళ్లు రెండు గెలిచి అవతలివాళ్లు నాలుగు ఓడినా సరిపోతుంది. అలాగే, రెండో స్థానంలో కనిపించే జట్టు ఒక్కదానితో లెక్క ముగించవద్దు. తక్కువ ఓటములున్న ప్రత్యర్థి ఎవరో వెతికి దానితో లెక్క వేయాలి. చాలాసార్లు రెండూ ఒకే జట్టు అయినా, బాకీ మ్యాచ్‌లున్నప్పుడు కాకపోవచ్చు.

163 బదులు 162 వాడే సందర్భం ఒకటుంది: సమానమైతే మనకే అనుకూలమని ముందే తేలిపోయినప్పుడు. పై ఉదాహరణలో ఆ వీలు లేదు. ఆ సీజన్ ముఖాముఖిలో పాడ్రేస్‌దే పైచేయి గనుక సమానమైతే డివిజన్ వాళ్లకు పోయేది.

ఇదే అంకెను వెనకున్న జట్టు వైపు నుంచి చూస్తే ఎలిమినేషన్ నంబరు అవుతుంది. అది సున్నా కానంత వరకూ ఎవరినీ కొట్టేయకండి. 2025 జులైలో క్లీవ్‌లాండ్ తన డివిజన్‌లో డెట్రాయిట్ కంటే పదిహేనున్నర మ్యాచ్‌లు వెనకబడి ఉండి కూడా చివరికి 88-74తో, 87-75 దగ్గర ఆగిన డెట్రాయిట్‌ను దాటి డివిజన్ గెలుచుకుంది.

7. సమానమైతే ఏం చూడాలి

2021 వరకూ అవసరమైతే 163వ మ్యాచ్ ఆడించేవారు. 2022లో దాన్ని తీసేశారు. ఇప్పుడు ఈ వరుసలో చూడండి: ముందు ఆ రెండు జట్ల ముఖాముఖి రికార్డు, అదీ సమానమైతే సొంత డివిజన్‌లోని జట్లపై రికార్డు, ఆ తర్వాత అదే లీగ్‌లోని ఇతర డివిజన్ల జట్లపై రికార్డు. చాలా సందర్భాలు మొదటి మెట్టులోనే తేలిపోతాయి. పరుగుల తేడా ఈ వరుసలో ఎక్కడా లేదు.

డల్లాస్ మిత్రుల నిష్ఠూరానికి జవాబు ఇక్కడే ఉంది. 2023లో ఆస్ట్రోస్, రేంజర్స్ రెండూ 90-72తో ముగించాయి. ముఖాముఖి 13 మ్యాచ్‌లలో ఆస్ట్రోస్ 9 గెలిచింది కాబట్టి డివిజన్ వారిది. రేంజర్స్ వైల్డ్ కార్డ్‌గా వెళ్లి, ఆ ఏడాది వరల్డ్ సిరీస్ (అంటే ఛాంపియన్‌ను తేల్చే ఆఖరి సిరీస్) గెలిచి ఇంటికొచ్చింది. 2025లో టొరాంటో బ్లూ జేస్, యాంకీస్ రెండూ 94-68. ముఖాముఖి 8-5 టొరాంటోది. దానితో టొరాంటోకు మొదటి స్థానం, తొలి రౌండ్ విశ్రాంతి దక్కాయి. అంతే గెలిచిన యాంకీస్ నాలుగో స్థానంలోకి దిగి తొలి రౌండ్ ఆడవలసి వచ్చింది.

మూడు జట్లు సమానమైన సందర్భం నేను కాగితం మీద పేర్లు రాసుకుని కూర్చుని చూశాను. 2024 సెప్టెంబరు 29తో అందరి సీజన్ ముగిసినా, హెలీన్ తుపాను వల్ల వాయిదాపడిన మెట్స్, అట్లాంటా బ్రేవ్స్ మ్యాచ్‌లు రెండు మిగిలాయి. 30వ తేదీన అట్లాంటాలో ఒకే రోజు రెండూ పెట్టారు. ఆ ఉదయానికి ఇద్దరిదీ 88-72. అరిజోనా డైమండ్‌బ్యాక్స్ 89-73తో ఆట ముగించుకుని ఎదురుచూస్తోంది. నేషనల్ లీగ్ ప్లేఆఫ్స్‌లో మిగిలిన చోట్లు రెండే. నేను రాసుకున్న లెక్క ఇది: ఎవరైనా రెండూ గెలిస్తే ఓడినవారు 88-74కు దిగిపోతారు, అరిజోనా లోపలికి వస్తుంది. చెరొకటి గెలిస్తే ముగ్గురూ 89-73, ముఖాముఖిలో అరిజోనా ఆ ఇద్దరికీ వెనకే కాబట్టి బయటికి.

మొదటి మ్యాచ్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి మెట్స్ 0-3తో వెనకబడింది. ఆ ఇన్నింగ్స్‌లో ఆరు పరుగులు చేసింది. వెంటనే బ్రేవ్స్ నాలుగు చేసి 7-6తో ముందుకొచ్చింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఫ్రాన్సిస్కో లిండోర్ రెండు పరుగుల హోమ్ రన్ కొట్టాడు, 8-7. నా కాగితం మీద మెట్స్ పేరు చుట్టూ గీత పడింది. రెండో మ్యాచ్ బ్రేవ్స్ 3-0తో గెలిచింది. ఆ రోజు మైదానంలోనే లేని అరిజోనా పేరు కొట్టేయవలసి వచ్చింది.

8. మిగతా కాలమ్‌లు

ఎల్ 10 అంటే గత పది మ్యాచ్‌ల ఫలితం. స్ట్రీక్ అంటే వరుస గెలుపులో ఓటములో. డిఫ్ అంటే చేసిన పరుగులకూ ఇచ్చిన పరుగులకూ తేడా. ఇవి జట్టు తీరును చెబుతాయే తప్ప స్థానాన్ని నిర్ణయించవు. 2021లో మ్యారినర్స్ ప్రత్యర్థులకంటే 51 పరుగులు తక్కువ చేసి కూడా 90 గెలిచింది. జట్టు పేరు పక్కన కనిపించే చిన్న అక్షరాలు స్థానం ఖాయమైందని తెలిపేవి. ఒక్కో సైట్‌లో ఒక్కో అక్షరం వాడతారు గనుక పట్టిక అడుగున ఉన్న వివరణ చూసి చదవండి.

మీ లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడం

సొంత మైదానం రికార్డు, బయటి మైదానం రికార్డు కలిపితే మొత్తం రికార్డు రావాలి. రాకపోతే రెండు వేర్వేరు సమయాల పట్టికలు కలిపి చూస్తున్నారన్నమాట.

30 జట్ల గెలుపులు కూడితే 30 జట్ల ఓటముల మొత్తానికి సమానం కావాలి. పూర్తి సీజన్‌కు అది 2,430. 2024కు మాత్రం 2,429 వస్తుంది, క్లీవ్‌లాండ్ వాన గుర్తుంది కదా. ఒక్క డివిజన్‌లోనో ఒక్క లీగ్‌లోనో ఈ పరీక్ష చేయకండి. జట్లు బయటివారితో కూడా ఆడతాయి కాబట్టి అక్కడ గెలుపులు, ఓటములు సమానం కావు.

జీబీలో అర వచ్చిందంటే రెండు జట్లు ఆడిన మ్యాచ్‌ల సంఖ్యలో తేడా బేసి సంఖ్య అయి ఉండాలి. కాకపోతే తీసివేతలో ఎక్కడో పొరపాటుంది. మ్యాజిక్ నంబరును ఇలా సరిచూడండి: ముందున్న జట్టు గెలుపులకు ఆ నంబరు కలిపితే వచ్చేది, వెనకున్న జట్టు మిగిలినవన్నీ గెలిస్తే చేరే సంఖ్య కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ ఉండాలి.

ఇప్పుడు జవాబులు చూడకుండా మీరే ఒకటి చేయండి. 2024 నేషనల్ లీగ్ తూర్పు డివిజన్: ఫిలడెల్ఫియా ఫిలీస్ 95-67, బ్రేవ్స్ 89-73, మెట్స్ 89-73, వాషింగ్టన్ నేషనల్స్ 71-91, మయామి మార్లిన్స్ 62-100. నాలుగు జట్లకూ జీబీ రాయండి. 6, 6, 24, 33 వచ్చాయా? మార్లిన్స్ దగ్గర తప్పితే ఓటముల తేడా మళ్లీ తీసి చూడండి, ఎక్కువమంది అక్కడే 100లోంచి 67 తీయడం మరిచిపోయి గెలుపుల తేడా ఒక్కదాన్నే రెండుతో భాగించేస్తున్నారు.